తొలకరికి ముందే ట్రాక్టరు సిద్ధము కావలెను

చలిదేశములలో రైతులు మంచు కురియు నెలలలో ట్రాక్టరును, కారును కొట్టములో పెట్టి, ఎండ కాయగానే తిరిగి బయటికి తీయుదురు. మన తెలంగాణలో యంత్రములకు నిద్రకాలము చలికాలము కాదు, ఎండకాలము. యాసంగి పంట ఇల్లు చేరిన తరువాత అనేక గ్రామములలో దుక్కి ట్రాక్టరుకు రోహిణి కార్తె వరకు పెద్ద పని ఉండదు. వరికోత యంత్రము వానాకాలపు కోతలు ముగిసిన పిదప యాసంగి కోతల వరకు నిలిచియుండును. నాటు యంత్రము సంవత్సరములో కొన్ని వారములు మాత్రమే పొలము చూచును. వాగు నీరు తోడు డీజిలు ఇంజను, కలుపు తీయు యంత్రము, పవర్ స్ప్రేయరు కూడ ఇట్లే నెలల తరబడి మూలనుండును.

యంత్రమును నిలిపియుంచుటలో దోషము లేదు. చిక్కు అంతయు దానిని తిరిగి లేపు దినమున వచ్చుచున్నది. మిరుగు కార్తెలో తొలి పదును వాన పడిన మరునాడు ఊరిలోని ట్రాక్టర్లన్నియు ఒకే ఉదయమున కావలసివచ్చును. చల్క నేలలలో పదును కొద్ది దినములకే ఆరిపోవును. పత్తి విత్తు రైతుకు ఒక్కొక్క పూట విలువైనదే. ఆ ఉదయము తాళము త్రిప్పగా సెల్ఫ్ టిక్కుమని ఊరకుండును. ఇంటివారు, కూలీలు, దున్నించుకొన వచ్చినవారు చుట్టు మూగుదురు. ఒకరు స్క్రూడ్రైవరు తెత్తురు. ఒకరు నలుగురిని పిలిచి నెట్టింతురు. వేరొకరు మోకు కట్టి మరియొక ట్రాక్టరుతో లాగింతురు. ప్రాణము పోవుటకైనను, ఇంజను చెడుటకైనను ఎక్కువ అవకాశము గల గడియ ఇదియే.

ఈ విషయమున నా అభిప్రాయము ఒక్కటే. నెలల తరబడి నిలిచిన ఇంజనును తొలిసారి నడపుట దుక్కి పనిలో భాగము కాదు. అది వేరే పని. దానికి వేరే దినము, తగిన తీరిక, ఒక క్రమము ఉండవలెను. ఆ దినము రోహిణి కార్తె దాటకముందే, అనగా జూన్ మొదటి వారము లోపల, ప్రతి ఊరిలోను రావలెను. దీనిని ఒక్కొక్క రైతు ఇష్టమునకు విడువక గ్రామమంతయు కలసి పెట్టుకొను కట్టుబాటుగా చేసికొనవలెను.

నిలిచియున్న కాలములో ఏమి జరుగును

ఎద్దు కొట్టములో నిలిచినచో బలము పుంజుకొనును. ఇంజను అట్లు కాదు. అది నిలిచిన కొలది నెమ్మదిగా చెడుచుండును.

మొదటిది ఇంజను ఆయిలు. నడచుచున్న ఇంజనులో ఆయిలు బేరింగులకు, పిస్టనులకు, వాల్వులకు నిరంతరము అందుచుండును. నెలల తరబడి నిలిచినప్పుడు అది జారి క్రిందనున్న సంపులో చేరును. తిరిగి నడిపిన తొలి క్షణములలో లోహము లోహముతో దాదాపు పొడిగా ఒరయును. అప్పుడే ఇంజనును బిగ్గరగా ఎత్తినచో ఆయిలు అందకముందే అరుగుదల జరిగిపోవును.

రెండవది బ్యాటరీ. తీగెలు తగిలించియున్నను, లేకున్నను బ్యాటరీ తనంతట తాను దిగుచుండును. వేడి పెరిగిన కొలది ఈ దిగుదల హెచ్చును. మే నెల ఎండలో రేకుల కొట్టము క్రిందనున్న బ్యాటరీ ఎంత త్వరగా బలహీనపడునో వేరుగా చెప్పనక్కరలేదు. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ, నిలకడగా ఉన్నప్పుడు, 12.6 వోల్టులు లేక అంతకు కొంచెము పైన చూపును. 12.4కు దిగినచో ఛార్జి చేయించవలెను. 12 వోల్టులకు దిగినదానిలో ఇంజనును త్రిప్పు శక్తి దాదాపు లేనట్లే.

మూడవది డీజిలు. సగము ఖాళీగానున్న ట్యాంకులో పగటి వేడికి, రాత్రి చల్లదనమునకు గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి డీజిలులోనికి దిగును. నీరు డీజిలు కంటె బరువు గనుక అడుగున చేరును. నీరు, డీజిలు కలియుచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు ఏర్పడును. ఈ నీరు, జిగురు ఫిల్టరును మూసివేయును. దాటి పోయినచో ఇంజెక్టరును, డీజిలు పంపును పాడుచేయును. ట్రాక్టరులో వెలగల భాగములలో ఇవి ముఖ్యమైనవి.

నాల్గవది వాననీరు. అనేక ట్రాక్టర్లకు సైలెన్సరు గొట్టము నిలువుగా ఆకాశము వైపు ఉండును. మూత లేక ఆరుబయట నిలిపిన ట్రాక్టరులో అకాల వర్షపు నీరు ఆ గొట్టము గుండ దిగి, వాల్వు తెరచియున్న సిలిండరులో చేరవచ్చును. గాలి నొక్కిన నొక్కుకొనును, నీరు నొక్కుకొనదు. అట్టి ఇంజనును సెల్ఫ్‌తో త్రిప్పినచో పిస్టను నీటికి తగిలి కనెక్టింగు రాడు వంగిపోవును.

ఐదవది ఎలుకలు, కందిరీగలు, పాములు. ఎలుక ఎయిర్ క్లీనరు దగ్గర గూడు పెట్టును, తీగెల పైతొడుగు కొరుకును. కొరికిన తీగెలు ఒకదానికొకటి తగిలినచో నిప్పు పుట్టును. ఎలుక ఉన్నచోటికి పాము వచ్చుట రైతులకు తెలియనిది కాదు.

ఆరవది క్లచ్చి. తేమలో నిలిచిన ట్రాక్టరులో క్లచ్చి ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలుకు అంటుకొనిపోవచ్చును. అప్పుడు క్లచ్చి పెడలు నొక్కినను గేరు విడిపోదు. గేరులోనున్న ట్రాక్టరు స్టార్టు కాగానే ముందుకు దూకును. బ్రేకులు కూడ ఇట్లే పట్టుకొనిపోవుటయో, పట్టు తప్పుటయో జరుగును.

నగరములో బస్సుకు ఉన్న క్రమము

సికింద్రాబాదు వారికి బస్సు డిపో కొత్త కాదు. నిజాం ప్రభుత్వ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్ నెలలో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమైనది. నేటి ఆర్టీసీకి మూలము అదియే. 2020 మార్చిలో కరోనా కారణముగా బస్సులు నిలిచిపోయినవి. జిల్లాల బస్సులు మే 19న తిరిగి కదలినవి. సికింద్రాబాదు, హైదరాబాదు వీధులలో నడచు నగర బస్సులు సెప్టెంబరు 25న గాని తిరిగి ప్రజలకొరకు రోడ్డెక్కలేదు. అనగా ఆరు నెలలు. ఆ నెలలలో మన జంట నగరములలో ఎందరో తమ కార్లు, మోటారు సైకిళ్లు కూడ కదలక నిలిచి, బ్యాటరీలు చచ్చి, టైర్లు దిగిపోవుట చూచియున్నారు.

బస్సుకు డిపో ఉన్నది, మెకానిక్కు ఉన్నాడు, మరమ్మతుల పుస్తకము ఉన్నది. బస్సులో ప్రయాణీకులు కూర్చుందురు గనుక ఈ జాగ్రత్త అవసరమని ఎల్లరు ఒప్పుకొందురు. మరి ట్రాక్టరు విషయమేమి? దాని బరువు సుమారు రెండు టన్నులు. దాని ముందు, వెనుక, ప్రక్కల నిలుచువారు మన ఇంటివారే. ఇంత యంత్రము నాలుగు నెలలు నిలిచి లేచునప్పుడు దానిని చూచుటకు ఒక మనిషి, ఒక పూట, ఒక పుస్తకము లేకపోవుట మన గ్రామములలోని పెద్ద లోపము.

మానవలసిన మూడు అలవాట్లు

మొదటిది, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ టెర్మినళ్లు కలిపి స్టార్టు చేయుట. దీనిని చాల ఊళ్లలో నేర్పరితనముగా భావించుచున్నారు. క్లచ్చి నొక్కిననే గాని, లేక గేరు న్యూట్రలులో ఉన్ననే గాని సెల్ఫ్ తిరుగకుండ అనేక ట్రాక్టర్లలో ఒక రక్షణ స్విచ్చి అమర్చబడియున్నది. టెర్మినళ్లు నేరుగా కలిపినవాడు ఈ రక్షణను దాటిపోవుచున్నాడు. గేరు పడియున్న సంగతి అతనికి తెలియదు. అతడు నిలిచియుండు చోటు సరిగా పెద్ద చక్రమునకు ముందే. ఇంజను అంటుకొన్న ఒకటి రెండు క్షణములలో చక్రము అతని మీదికి వచ్చును. తప్పుకొనుటకు వ్యవధి ఉండదు. ట్రాక్టరు వాడుక ఎక్కువగా గల దేశములన్నిటిలో ఈ రీతి మరణములు తెలిసినవే. కనుక సీటులో కూర్చుండక ట్రాక్టరును ఎవరును స్టార్టు చేయరాదు. ఇందుకు మినహాయింపు లేదు.

రెండవది, ఎత్తుమీద నిలిపి దొర్లించి స్టార్టు చేయుట, లేక మోకుతో లాగించుట. బ్యాటరీ బలహీనమని తెలిసి దానిని మార్చక, ప్రతి రాత్రి ట్రాక్టరును దిబ్బమీద నిలుపువారు ఉన్నారు. ఇంజను నడువనప్పుడు పవర్ స్టీరింగు బిగుసుకొనిపోవును. నెలలు నిలిచిన బ్రేకు మీద నమ్మకముంచ వీలులేదు. పల్లమునకు దిగు రెండు టన్నుల బరువును ఆపునది అప్పుడేది? ఇక మోకు తెగినచో దాని దెబ్బ కొరడా దెబ్బ వంటిది. ప్రక్కన నిలిచినవారి కన్ను పోవచ్చును.

మూడవది, మూసిన కొట్టములో ఇంజను నడపుట. పొగతోపాటు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె 200 రెట్లకు మించిన గట్టితనముతో దీనిని పట్టుకొనును. తలనొప్పి, వికారము, నిద్రమత్తు వచ్చి మనిషి అట్లే ఒరిగిపోవును. పెట్రోలు ఇంజనులలో ఈ వాయువు మరింత ఎక్కువ. కలుపు యంత్రమును, స్ప్రేయరును, జనరేటరును ఇంటిలోపల పరీక్షించువారు దీనిని బాగుగా గుర్తుంచుకొనవలెను.

ఎయిర్ క్లీనరులో పెట్రోలు చిలకరించుట, మండు గుడ్డను చూపుట కూడ ఈ కోవలోనివే. మే నెల వేడిలో ఇంజను అంటుకొనకపోయినచో చలి కారణము కాదు. బ్యాటరీ, డీజిలు, గాలి, ఈ మూడింటిలో ఏదో ఒకటి సరిగా లేదని అర్థము. ఆ కారణమును వెదకవలెను గాని నిప్పుతో బెదిరించుట వలన ఫలము లేదు.

తొలిసారి నడపు క్రమము

పని పగటివేళ, తీరిక గల ఉదయమున పెట్టుకొనవలెను. పిల్లలను దూరముగా ఉంచవలెను. భుజముమీది తువ్వాలు, వదులు బట్టలు తీసివేయవలెను. ముందుగా బానెటు మీద కర్రతో రెండుమూడు దెబ్బలు కొట్టి, కొంత ఆగి, అటు పిమ్మట తెరువవలెను. లోపల గూళ్లు, కొరికిన తీగెలు, పగిలిన గొట్టములు, వదులైన బెల్టు ఉన్నవేమో చూడవలెను. సైలెన్సరుకు కట్టిన డబ్బా లేక గుడ్డ ఉన్నచో తీయవలెను. గొట్టములో నీరు దిగినదను అనుమానమున్నచో సెల్ఫ్ ముట్టరాదు. మెకానిక్కును పిలిచి, ఇంజెక్టర్లు తీయించి, ఇంజనును చేతితో త్రిప్పించి నీరు వెడలగొట్టవలెను.

తరువాత ట్రాక్టరును సమతలముగానున్న నేలపై ఉంచి ఆయిలు కొల్చవలెను. కొలపుల్లకు అంటిన ఆయిలు పాలవలె తెల్లబారినచో అందులో నీరు కలిసినది. డీజిలు వాసన కొట్టి పలుచనైనచో డీజిలు కలిసినది. ఈ రెండు సందర్భములలోను కారణము తెలియక ఇంజను నడపరాదు. ఆయిలు మార్చు గడువు దాటియున్నచో ఇప్పుడే మార్చుట మేలు. రేడియేటరులో నీరు, కూలెంటు ఎంత ఉన్నదో ఇంజను చల్లగానున్నప్పుడే చూడవలెను. ఆయిలుతో పనిచేయు ఎయిర్ క్లీనరు ఐనచో గిన్నె విప్పి, అడుగున చేరిన మట్టి తీసి, గుర్తు వరకు కొత్త ఆయిలు పోయవలెను.

డీజిలు ట్యాంకు అడుగునను, ఫిల్టరు క్రిందను ఉండు బిరడా వదులు చేసి, నీరు, మడ్డి పోయి శుభ్రమైన డీజిలు వచ్చువరకు వదలవలెను. ఫిల్టరు మార్చినచో లోపల చేరిన గాలిని ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో చెప్పినట్లు తీయవలెను. 2023 జనవరి 1 నుండి 50 హార్స్ పవరుకు మించిన కొత్త ట్రాక్టర్లకు పొగకు సంబంధించిన క్రొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. ఈ తరగతిలోని అనేక ఇంజనులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో డీజిలును చాల హెచ్చు ఒత్తిడితో పంపునవి. అట్టివాటి గొట్టములను ఇంటివద్ద విప్పుట అపాయము. ఆ పని శిక్షణ పొందిన మెకానిక్కునకే విడువవలెను.

బ్యాటరీని తీసి ఛార్జి చేయించుట అన్నిటికంటె మంచిది. విప్పునప్పుడు ముందు నెగెటివు తీగె, తగిలించునప్పుడు ముందు పాజిటివు తీగె అను వరుస తప్పరాదు. నీరు తగ్గిన బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరు నీరు పనికిరాదు. ఛార్జి అగునప్పుడు మండునట్టి హైడ్రోజను వాయువు వెలువడును గనుక దగ్గర బీడీ, చుట్ట కాల్చరాదు. తప్పనిసరియై వేరొక బ్యాటరీతో తీగెలు కలిపి స్టార్టు చేయవలసివచ్చినచో పాజిటివునకు పాజిటివు కలిపి, మంచి బ్యాటరీ నెగెటివు తీగెను ఇవతలి ట్రాక్టరు ఇంజను ఇనుమునకు, బ్యాటరీకి దూరముగా, తగిలించవలెను. తలక్రిందులుగా కలిపినచో బ్యాటరీ పగిలి ఆమ్లము కంటిలో పడవచ్చును. కొత్త ట్రాక్టర్లలోని ఎలక్ట్రానిక్ పెట్టె కాలిపోవచ్చును.

టైర్లలో గాలి నింపి, రెండు బ్రేకు పెడళ్లను కలుపు కొక్కెము వేసి, రోటవేటరు మొదలైన పనిముట్లను విడిపించి, సీటులో కూర్చుండవలెను. చేతి బ్రేకు వేసి, గేరు, పి.టి.ఓ. రెండును న్యూట్రలులో ఉన్నవని చేతితో కదిపి చూచుకొనవలెను. క్లచ్చి పూర్తిగా నొక్కవలెను. ఇంజను ఆపు నాబు గల ట్రాక్టర్లలో దానిని లాగి పట్టుకొని, పది సెకన్లకు మించకుండ సెల్ఫ్ త్రిప్పవలెను. డీజిలు అందదు గనుక ఇంజను అంటుకొనదు. ఆయిలు మాత్రము పైకెక్కి బేరింగులు తడియును. ఒక నిమిషము ఆగి, నాబు వదలి, అప్పుడు స్టార్టు చేయవలెను. మూడు ప్రయత్నములలో అంటుకొనకపోయినచో ఆపి కారణము వెదకవలెను. అదేపనిగా త్రిప్పినచో సెల్ఫ్ మోటారు కాలును.

ఇంజను అంటుకొనిన వెంటనే ఆయిలు ప్రెషరు దీపము ఆరవలెను, లేక ముల్లు లేవవలెను. కొద్ది సెకన్లలో అట్లు జరుగనిచో ఇంజను ఆపవలెను. ఐదు నిమిషములు నెమ్మదిగా నడువనిచ్చి, అప్పుడు క్లచ్చి, బ్రేకు, స్టీరింగు ఒక్కొక్కటిగా ఖాళీ స్థలములో పరీక్షించవలెను. మొదటి దినము గంట సేపు తేలిక పని చేయించి, తిరిగి ఆయిలు, నీరు కొలిచి, కారుచున్నచోట్లు చూచుకొనవలెను.

పెట్రోలుతో నడచు చిన్న యంత్రముల విషయము కొంత వేరు. 2025 నాటికి మన దేశములో పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట సాధారణమైనది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. నెలల తరబడి ఉన్న ఇట్టి పెట్రోలులో నీరు విడి కార్బురేటరు తుప్పుపట్టును. కనుక పాత పెట్రోలు పారబోసి, కార్బురేటరు గిన్నె శుభ్రము చేసి, తాజా పెట్రోలు పోయవలెను. తిరిగి మూలపెట్టునపుడు ట్యాంకును ఖాళీ చేయుట మేలు. డీజిలు ట్రాక్టరుకు ఇందుకు భిన్నముగా ట్యాంకును నిండుగా ఉంచి నిలుపవలెను.

రైతులు చెప్పు అభ్యంతరములు

ఇదంతయు ఖర్చు, కాలహరణము అని కొందరందురు. నిజమే, ఒక పూట పోవును. కాని ఆ పూట మే నెలలోని ఖాళీ పూట. ఇదే పని వాన పడిన తరువాత వచ్చినచో పోవునది పదును గల పూట. విత్తనము వారము ఆలస్యమైన నష్టమును ఏ మెకానిక్కు తిరిగి తేలేడు. విడిభాగము కావలసియున్నను ఇప్పుడే తెలిసినచో సికింద్రాబాదు రాణిగంజికో, జిల్లా కేంద్రమునకో పోయి నిదానముగా నాలుగు దుకాణములు చూచి కొనవచ్చును. వాన పడిన తరువాత దొరికినదే భాగ్యము, చెప్పినదే ధర.

మా ట్రాక్టరు ట్రాలీకి కట్టి తిరుగుచునే ఉన్నది గదా అని మరికొందరందురు. అట్టివారికి ఇంజను విషయమున భయము తక్కువే. కాని రోటవేటరు, పి.టి.ఓ., హైడ్రాలికు, దమ్ము చక్రములు నిలిచియే ఉన్నవి. వాటికి పై జాగ్రత్త వర్తించును.

నడపువాడు జీతగాడు, వాడే చూచుకొనునని చెప్పువారి సంగతి విచారింపదగినది. జీతగాడు యజమాని తొందరను బట్టి నడచుకొనును. ఎట్లైన స్టార్టు చేయుమని చెప్పిన యజమాని చేతిలో స్క్రూడ్రైవరు లేకున్నను, బాధ్యత అతనిదే. అట్లు చేయవద్దు, ఈ పూట ఆలస్యమైన ఫరవాలేదని గట్టిగా చెప్పవలసినవాడు యజమానియే. ఆ ఒక్క మాట చెప్పగల ధైర్యము యజమానికి ఉన్నచో చాల ప్రాణములు దక్కును.

గ్రామము, శాఖ చేయవలసినది

2014-15 నుండి అమలునకు వచ్చిన కేంద్ర యాంత్రీకరణ ఉపపథకము వలన సబ్సిడీపై యంత్రములు గ్రామములకు చేరినవి. సహకార సంఘములు, మహిళా సమాఖ్యలు యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములు నడపుచున్నవి. ఇది మంచిదే. ఐతే యంత్రము చేరుటతో పని ముగిసినదని తలచుట సరికాదు. సబ్సిడీ లెక్కలో యంత్రము వెల ఉన్నది. దానిని నిలుపుట, లేపుట నేర్పు పూట లేదు. ఆ పూటను కూడ పథకములో భాగముగా భావింపవలెనని మా శాఖవారికి సవినయముగా మనవి చేయుచున్నాను.

గ్రామస్థాయిలో చేయదగినవి మూడు. ఒకటి, అద్దె కేంద్రములోని ప్రతి యంత్రమునకు ఒక నోటుపుస్తకము ఉండవలెను. ఏ దినమున నిలిపినది, ఏ దినమున తిరిగి నడిపినది, ఆయిలు, ఫిల్టరు, బ్యాటరీ ఎప్పుడు చూచినది అందులో వ్రాయవలెను. రెండు నెలలకు మించి నిలిచిన యంత్రమును పై పరీక్ష వ్రాసి సంతకము చేయక అద్దెకీయరాదు. రెండు, రోహిణి కార్తెలో ఒక దినము గ్రామాధికారులు, వ్యవసాయ విస్తరణాధికారి కలసి రైతు వేదిక వద్ద మెకానిక్కును పిలిపించి, ఊరి ట్రాక్టర్లన్నిటిని వరుసగా చూపించవలెను. పదిమంది కలిసినచో మెకానిక్కు రాకపోకల ఖర్చు తగ్గును. బ్యాటరీ కొల్చు మీటరు, ఛార్జరు సంఘమునకు ఒకటి ఉన్న చాలును. మూడు, ట్రాక్టరు నడపు యువకులను శిక్షణకు పంపవలెను. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ రాష్ట్రముల కొరకు కేంద్ర ప్రభుత్వమువారి వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. మన జిల్లాలలోని కృషి విజ్ఞాన కేంద్రములను కూడ సంప్రదింపవచ్చును.

మన పెద్దలు ఏరువాక పున్నమినాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, నాగలిని, కాడిని సరిచూచి, అటు పిమ్మట పొలమునకు తరలినారు. వేసవియంతయు పని లేకున్న ఎద్దును తొలిదినమే సాయంకాలము వరకు దున్నించినవాడిని ఊరు మెచ్చలేదు. నేడు నాగలి స్థానమున ట్రాక్టరు వచ్చినది గాని ఆ వివేకమునకు కాలము చెల్లలేదు. దసరానాడు ట్రాక్టరుకు పసుపు, కుంకుమ పెట్టు రైతులు రోహిణిలో దానికి ఒక పూట కేటాయించుట కష్టము కాదు. ఈ సంవత్సరము వాన కొరకు ఆకాశము చూచు దినములలోనే కొట్టములోనికి వెళ్లి ట్రాక్టరును కూడ చూడుడు. సీటులో కూర్చుండి, న్యూట్రలు చూచుకొని, తీరికగా స్టార్టు చేయుడు. వాన వచ్చిన ఉదయమున మీ ఇంటిముందు గుంపు ఉండదు, స్క్రూడ్రైవరు ఉండదు. ట్రాక్టరు పొలములో ఉండును, మనుషులు క్షేమముగా ఉందురు.